శ్రీహరికోట లాంచ్ వ్యూ గ్యాలరీ: పొగ చెదిరాక ఇంకో గంట ఆగండి

నేను నాయుడుపేట దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ మా పిల్లలు వరండాలోకి పరుగెత్తుతారు. అగ్గిపుల్ల తలంత వెలుగు, దాని వెనక తెల్లటి చార, కాసేపటికి ఎక్కడో ఉరిమినట్టు మోత. రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది, మళ్ళీ పాఠం మొదలు. ఇంత దగ్గర ఉండీ నాకు యాభై ఏళ్ళు వచ్చేదాకా అక్కడికి వెళ్ళి చూడలేదు. మామూలు జనం కూర్చుని చూడటానికి శ్రీహరికోటలో లాంచ్ వ్యూ గ్యాలరీ వచ్చింది 2019లో. ఆ ఏడాది ఏప్రిల్ 1న జరిగిన పీఎస్‌ఎల్‌వీ-సీ45 ప్రయోగం నుంచి జనాన్ని రానిస్తున్నారు. నేను 2023 సెప్టెంబరు 2న, సూర్యుణ్ణి పరిశీలించే ఉపగ్రహం ఆదిత్య-ఎల్1 ప్రయోగానికి, నలుగురు తొమ్మిదో తరగతి అమ్మాయిలను వెంటబెట్టుకుని మొదటిసారి వెళ్ళాను. రెండేళ్ళయినా ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఎట్లా వెళ్ళాలి, పిల్లల్ని తీసుకుపోవచ్చా, అంత దూరం పోతే ఏం కనిపిస్తుంది అని. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు, నాలాంటి టీచర్లు దీన్ని ముఖ్యంగా చదవాలని నా కోరిక.

వెళ్దామన్న ఆలోచన పుట్టింది అంతకు పది రోజుల ముందు. ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగడం స్కూల్లోనే అందరం కలిసి చూశాం. 6 గంటల 4 నిమిషాలకు ల్యాండర్ దిగింది, పిల్లలు బెంచీలెక్కి అరిచారు. తరవాత ప్రాజెక్ట్ డైరెక్టర్ వీరముత్తువేల్ గారు మాట్లాడారు, ఆయన వెనకే ఒకావిడ మైకు ముందుకొచ్చారు. అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కల్పన. మర్నాడు పేపర్లో పూర్తి పేరు చూసి మా క్లాసు పిల్ల ఒకతి స్టాఫ్ రూములోకి దూసుకొచ్చింది. "మేడం, ఈమె ఇంటిపేరు కాళహస్తి!" మాకు కాళహస్తి అంటే శివరాత్రికి బస్సెక్కి పోయే ఊరు. ఆ పేరున్న మనిషి చంద్రుడి మీద దిగిన దాని గురించి మైకులో చెప్పిందనేసరికి, వాళ్ళకు అదేదో తమ వీధిలో జరిగినట్టే అనిపించింది.

వెంటనే ఇంకొకతి అడిగింది, "కల్పన అంటే చనిపోయారు కదా మేడం?" ఆ పిల్లకు తెలిసిన కల్పన కల్పనా చావ్లా. పాఠాల్లో, వ్యాసరచన పోటీల్లో, బొమ్మల్లో ఆడపిల్లలకు మనం చూపించేది ఆమె ఒక్కరినే. అప్పుడు వాళ్ళకు చెప్పాను. 2002 సెప్టెంబరు 12న మన శ్రీహరికోట నుంచే పీఎస్‌ఎల్‌వీ-సీ4 మీద మెట్‌శాట్ అని ఒక వాతావరణ ఉపగ్రహం వెళ్ళింది, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక కూలిపోయి చావ్లా మరణించాక దానికి కల్పన-1 అని పేరు పెట్టారు అని. తుపాను వస్తుందంటే వేటకు పోకుండా ఆగిపోయే ఇళ్ళ పిల్లలు కూడా మా క్లాసులో ఉన్నారు. వాతావరణ ఉపగ్రహం అంటే వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కానీ నాకు మాత్రం ఆ ప్రశ్న మనసులో ఉండిపోయింది. వీళ్ళకు తెలిసిన ఒకే ఒక్క ఆవిడ ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళను చూపించాలి అనుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

రిజిస్ట్రేషన్ పూర్తిగా ఆన్‌లైన్, పైసా ఖర్చు లేదు. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఇస్రో ప్రకటిస్తుంది, ఫలానా రోజు ఫలానా గంటకు తెరుస్తాం అని. ఆదిత్యకు ఆగస్టు 29 మధ్యాహ్నం 12 గంటలకు తెరిచారు. పేరు, గుర్తింపు కార్డు నంబరు ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. మేం ముగ్గురం, నేను, మా అబ్బాయి, మా స్కూల్లో లెక్కల సారు, మూడు ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. సీట్లు నిమిషాల్లో అయిపోతాయి, ఆ టెన్షన్ పరీక్ష ఫలితాలప్పుడు కూడా ఉండదు. మాకు ఆరు దొరికాయి. నలుగురు పిల్లలు, నేను, తోడుగా ఒక పిల్ల వాళ్ళమ్మ. పాసు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, ఫోనులో ఉంది కదా అనుకోవద్దు, చార్జింగ్ ఎప్పుడు అయిపోతుందో తెలియదు. ఆధార్ కార్డు ఒరిజినల్ తప్పనిసరిగా తీసుకెళ్ళండి.

రిజిస్ట్రేషన్ కంటే కష్టమైంది ఇళ్ళ దగ్గర ఒప్పించడం. నలుగురిలో ఒక పిల్ల తండ్రి ఆటో నడుపుతాడు. మంచి మనిషి. కూతురి ఫీజు, పుస్తకాలు, దేనికీ వెనకాడడు. కానీ, "రాకెట్టు మిద్దె మీంచి కనపడతానే ఉంది గదా మేడం, ఎండలో అంత దూరం ఎందుకు? చూసొచ్చి మాత్రం చేసేదేముంది?" అన్నాడు. నేను వాదించలేదు. "అన్నా, ఆటో నీదే మాట్లాడుకుంటాం, బాడుగ ఇస్తాం, నువ్వే తీసుకెళ్ళు" అన్నాను. కూతురు తన కళ్ళ ముందే ఉంటుందని ఒప్పుకున్నాడు. బాడుగ డీజిలు ఖర్చు వరకే తీసుకున్నాడు.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు 18 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రైల్లో వచ్చేవాళ్ళకు సూళ్ళూరుపేట స్టేషనే దిగే చోటు. ఊరు దాటగానే పులికాట్ సరస్సు మొదలవుతుంది, రోడ్డు దాని మధ్యలోంచి పోతుంది. సెప్టెంబరు కదా, ఫ్లెమింగోలు రావడానికి ఇంకా టైముంది. అటూ ఇటూ పలచటి నీళ్ళు, కొంత మేర ఎండిన బురద నేల, ఉప్పు వాసన గాలి. అటకానితిప్ప దాటాక కార్లు, బైకులు బారులు తీరాయి. సగం చెన్నై వైపు బండ్లే. చంకన పసిబిడ్డలతో వచ్చినవాళ్ళున్నారు. ముసలాయన ఒకాయన్ని కొడుకు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు జనం.

ఆటో ఆయన పేరు మీద పాసు లేదు కాబట్టి ఆయన బయటే ఉండిపోయాడు. మేం లోపలికి వెళ్ళాం. తనిఖీ దగ్గర యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి మా పిల్లల సంచులు చూసింది. పులిహోర డబ్బాలు, నీళ్ళ సీసాలు, ఒకతి సంచిలో ఫిజిక్స్ నోటుబుక్కు. ఆ నోటుబుక్కు తిరగేసి, హిందీలో ఏ క్లాసు అని అడిగి, నవ్వి ఇచ్చేసింది. అంతే జరిగింది. కానీ లోపలికి నడుస్తూ మా పిల్లలు మాట్లాడుకున్నది ఆ అమ్మాయి గురించే, ఆ బెల్టు, ఆ బూట్లు, ఆ నిలబడటం.

గ్యాలరీ క్రికెట్ స్టేడియంలాగా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఎదురుగా చెట్ల గుబురు, దాని అవతల లాంచ్ ప్యాడ్లు. పెద్ద తెర మీద రాకెట్‌ను దగ్గరగా చూపిస్తారు, స్పీకర్లలో ప్రకటనలు వినిపిస్తాయి. ఆడపిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందు అడిగేది టాయిలెట్ల గురించే, అవి ఉన్నాయి, ఇబ్బంది లేదు. ప్రయోగానికి అరగంట ముందే వెళ్ళొచ్చేయండి, తరవాత సీటు వదిలి కదలాలనిపించదు. తాగే నీళ్ళు మాత్రం మీ వెంట ఉండాలి, మాకు ఒక్కొక్కరికి లీటరు సీసా చాల్లేదు. పగటి ప్రయోగమైతే తలకు తుండుగుడ్డో టోపీయో తప్పనిసరి. గొడుగు తెచ్చుకుంటే వెనకవాళ్ళకు అడ్డం.

ఒక్క సంగతి ముందే తెలుసుకుని వెళ్ళండి. రాకెట్ ప్యాడ్ మీద నిలబడి ఉండటం మీ కంటికి నేరుగా కనిపించదు. చెట్ల మీదికి లేచాకే కనిపిస్తుంది. ఇది తెలియక కొందరు చివరి నిమిషంలో తెర వైపే చూస్తూ ఉండిపోయారు, పైకి చూసేసరికి అది సగం ఆకాశంలో ఉంది. కౌంట్‌డౌన్ పదికి వచ్చాక తెరను వదిలేయండి. చెట్ల అంచు మీదే చూపు పెట్టండి.

11 గంటల 50 నిమిషాలు. జనం అంతా గొంతు కలిపి లెక్కపెట్టారు. సున్నా అన్నాక ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత చెట్ల వెనక నారింజ రంగు వెలుగు, వెల్డింగ్ వెలుగులాగా, చూడలేనంత. 44 మీటర్ల ఎత్తు, 320 టన్నుల బరువు ఉన్న పీఎస్‌ఎల్‌వీ-సీ57 ఏ చప్పుడూ లేకుండా పైకి లేస్తోంది. ఆ నిశ్శబ్దమే నాకు ఒళ్ళు గగుర్పొడిచేలా చేసింది. ఆ తరవాత వచ్చింది మోత. అది చెవులకు కాదు, ముందు ఛాతీకి తగిలింది. నా ఒళ్ళో ఉన్న సీసాలో నీళ్ళ మీద సన్నటి వలయాలు పుట్టాయి. నా పక్కన కూర్చున్న పిల్ల నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేటంత గట్టిగా. ఏం మాట్లాడలేదు. క్లాసులో కూడా మాట్లాడని పిల్ల అది.

వెళ్ళేముందు మేం ఒక ఒప్పందం చేసుకున్నాం. వెలుగు కనిపించినప్పటి నుంచి మోత వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టాలి, 340తో గుణిస్తే ప్యాడ్ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో వస్తుంది. నలుగురికి నలుగురూ మరిచిపోయారు. సోమవారం నాడు ఒకతి ఫోను వీడియో తెచ్చి, దాన్ని ఆపి ఆపి చూసి బోర్డు మీద లెక్క కట్టింది. జవాబు ఇక్కడ రాయను. మీ పిల్లలనే వేయమనండి.

రెండు నిమిషాలకు రాకెట్ చుక్కైపోయింది. పొగ గాలికి వంకర తిరిగి చెదిరిపోతోంది. అప్పుడే జనం లేచారు. ఐదు నిమిషాల్లో మెట్లు సగం ఖాళీ. నేనూ లేచాను, బయట ఆటో ఎదురుచూస్తోంది కదా అని. అది నేను చేసిన తప్పు. ఎందుకో చెబుతాను.

ఆదిత్య-ఎల్1 ప్రయోగంలో ఉపగ్రహం రాకెట్ నుంచి విడిపోవడానికి 63 నిమిషాలు పట్టింది. మామూలు పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాలు అంతసేపు సాగవు. ఈసారి రాకెట్ నాలుగో దశ, అంటే చివరి ఇంజను, ఒకసారి మండి, ఆగి, కొంతసేపు ఊరికే అలా సాగి, మళ్ళీ మండాలి. అంటే జనం చప్పట్లు కొట్టి లేచిపోయేటప్పటికి పని ఇంకా సగం కూడా కాలేదు. లోపల కంట్రోల్ రూములో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు. గ్యాలరీ మనకు రాకెట్‌ను చూపిస్తుంది, దాన్ని నడిపే మనుషులను చూపించలేదు. ఆ మనుషులు లేచి మాట్లాడేది చివర్లో. నేను పిల్లలను తీసుకొచ్చిందే వాళ్ళను చూపించడానికి.

మా అదృష్టం, పులికాట్ రోడ్డు మీద బండ్లన్నీ ఆగిపోయాయి. ముందు కారు, వెనక కారు, కదిలే దారి లేదు. ఆటోలో ఉక్క. పులిహోర డబ్బాలు తెరిచారు పిల్లలు. నేను ఫోనులో లైవ్ పెట్టి ఆటో ముందు అద్దానికి ఆనించాను. సిగ్నలు వస్తూ పోతూ ఉంది. ఆటో ఆయన కూడా వెనక్కి తిరిగి, ఒక చేత్తో పులిహోర తింటూ చూస్తున్నాడు. దాదాపు 12 గంటల 53 నిమిషాలకు ఉపగ్రహం విడిపోయింది. తెర మీద అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దలు మాట్లాడారు. ఆ తరవాత ఒకావిడ వచ్చారు, ప్రాజెక్ట్ డైరెక్టర్ నిగర్ షాజీ. కల నిజమైనట్టుంది అన్నారు ఆవిడ. తనతో పనిచేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

"ఈయమ్మ ఎవరు మేడం?" అన్నాడు ఆటో ఆయన.

"ఆ ఉపగ్రహం పనికంతా ఈమే పెద్ద, అన్నా."

ఆయన తినడం ఆపాడు. "ఏ ఊరు?"

చెప్పాను. తమిళనాడులో సెంగోట్టై, రైతు కుటుంబం, చదివింది గవర్నమెంటు ఆడపిల్లల హైస్కూల్లో, ఇంజినీరింగ్ తిరునల్వేలి గవర్నమెంటు కాలేజీలో అని. 1987లో ఇస్రోలో చేరినప్పుడు మొదటి ఉద్యోగం ఈ షార్‌లోనే అని కూడా చెప్పాను.

"అయితే ఈ రోడ్డు మీదే తిరిగుంటది గదా" అన్నాడు.

నాకు ఆ మాట తట్టనే లేదు. ముప్పై ఏళ్ళుగా నేను పాఠం చెబుతున్నాను, ఎందరివో జీవిత చరిత్రలు చదివి వినిపించాను, ఇంత దగ్గరి మాట నా నోటి నుంచి రాలేదు. ఆయన తల బయటికి పెట్టి రోడ్డును చూశాడు, అటూ ఇటూ నీళ్ళను చూశాడు. కూతుర్ని మాత్రం చూడలేదు. కూతురు ఆయన్నే చూస్తోంది.

తరవాత బండ్లు కదిలాయి. సూళ్ళూరుపేటలో మజ్జిగ తాగడానికి ఆగినప్పుడు ఆయనే అడిగాడు, దీంట్లోకి పోవాలంటే ఏం చదవాల అని. ఆ రోజు ఆయనకు చెప్పింది మీకూ చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకు ఇస్రో అంటే ఐఐటీలో చదివినవాళ్ళకే అనే అభిప్రాయం ఉంది. ఇంటర్ ఎంపీసీ తరవాత జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురం దగ్గర వలియమలలో ఉన్న ఐఐఎస్‌టీలో చేరడం ఒక దారి, అది అంతరిక్ష శాఖ నడిపే కాలేజీ. మామూలు కాలేజీలో బీటెక్ ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్స్ మంచి మార్కులతో పూర్తిచేసి ఇస్రో పరీక్ష రాయడం ఇంకో దారి. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్ళకు టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులుంటాయి, ఐటీఐ చేసినవాళ్ళకు టెక్నీషియన్ పోస్టులుంటాయి. షార్ నోటిఫికేషన్లలో ఇవి వస్తూనే ఉంటాయి. పదో తరగతి తరవాత మూడేళ్ళ డిప్లొమా అనగానే ఆయన ముఖం తేలికపడింది. ఆ లెక్క ఆయన చేతికి అందేది.

మంగళ్‌యాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు, 2014 సెప్టెంబరులో, పట్టుచీరలు కట్టుకుని పూలు పెట్టుకున్న ఇస్రో ఆడవాళ్ళు నవ్వుతూ ఒకరినొకరు అభినందించుకుంటున్న ఫొటో ఒకటి లోకమంతా తిరిగింది. గుర్తుండే ఉంటుంది. అందులో ఉన్నది సైంటిస్టులు కాదు, ఆఫీసు సిబ్బంది అని తరవాత తెలిసింది. కొందరు దాన్ని పట్టుకుని ఎగతాళి చేశారు. నాకు బాధనిపించింది. ఆఫీసు ఫైళ్ళు నడిపినవాళ్ళు సంతోషించకూడదా? అదే మిషన్‌లో ఆపరేషన్స్ డిప్యూటీ డైరెక్టర్లుగా రీతు కరిధాల్, నందిని హరినాథ్ పనిచేశారు. అయిదేళ్ళ తరవాత చంద్రయాన్-2కు ప్రాజెక్ట్ డైరెక్టరు ముత్తయ్య వనిత, మిషన్ డైరెక్టరు రీతు. అంతకు ముందే 2011లో జీశాట్-12 ఉపగ్రహానికి ప్రాజెక్ట్ డైరెక్టరుగా టి.కె. అనురాధ. ఈ పేర్లన్నీ మా క్లాసు గోడ మీద ఇప్పుడు ఉన్నాయి, ఎవరు ఏ పని చేశారో కింద ఒక్క వాక్యంతో. పిల్లలే రాశారు. కల్పనా చావ్లా బొమ్మ కూడా ఉంది, పక్కన.

చంద్రయాన్-2 ల్యాండరు దిగకుండా పోయిన సంగతి కూడా ఆ గోడ మీద ఉంది, రాయమన్నది నేనే. ఆడపిల్లలకు గెలుపులే చూపిస్తే, మొదటిసారి తప్పగానే ఇది మనకు కాదులే అనుకుంటారు. 2022 ఆగస్టు 7న ఇదే శ్రీహరికోట నుంచి ఎస్‌ఎస్‌ఎల్‌వీ అనే చిన్న రాకెట్ తన మొదటి ప్రయాణంలో ఆజాదీశాట్ అనే బుల్లి ఉపగ్రహాన్ని తీసుకెళ్ళింది. దేశంలో 75 గవర్నమెంటు స్కూళ్ళ నుంచి 750 మంది ఆడపిల్లలు దాని భాగాలు తయారుచేశారు, మొత్తం బరువు ఎనిమిది కిలోలు. రాకెట్ దాన్ని సరైన కక్ష్యలో వదల్లేకపోయింది, ఉపగ్రహం పోయింది. ఆరు నెలలకు, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 వెళ్ళింది, ఈసారి సరిగ్గా చేరింది. మా పిల్లలకు ఈ కథ అన్నిటికంటే బాగా నచ్చింది. వాళ్ళ వయసు పిల్లలే, వాళ్ళలాంటి బళ్ళలోనే.

ఆదిత్య వెళ్ళిన రోజు గురించి ఇంకొక మాట. జూలైలో చంద్రయాన్-3 ప్రయోగం వీడియో నేను క్లాసులో చాలాసార్లు పెట్టాను. అందులో కౌంట్‌డౌన్ చెప్పే ఆడగొంతును మా పిల్లలు అచ్చం అలాగే అనుకరించేవాళ్ళు. ఆ గొంతు వలర్మతి గారిది, షార్‌లో పనిచేసేవారు. మేం గ్యాలరీలో కూర్చున్న ఆ శనివారం సాయంత్రమే ఆవిడ చెన్నైలో గుండెపోటుతో చనిపోయారు. ఆ సంగతి పేపర్లో చూసి క్లాసులో చెబితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరవాత ఏ ప్రయోగం చూసినా మా పిల్లలు ముందు కౌంట్‌డౌన్ గొంతు వింటారు, ఈసారి ఎవరా అని.

గ్యాలరీ నుంచి వచ్చిన రెండు వారాలకు ఒక కార్పొరేట్ కాలేజీ మనిషి మా ఊరికి వచ్చాడు, పై ఏడాది పదో తరగతికి వచ్చే పిల్లల పేర్లు రాసుకోవడానికి. ఆటో ఆయన ఇంటి ముందు కూర్చుని, ఆడపిల్లకు ఎంపీసీ ఎందుకు, ఇస్రో లాంటివి పెద్దోళ్ళ సిఫారసుంటేనే అని చెప్పాడట. ఆటో ఆయన విని, "సెంగోట్టై రైతు కూతురికి ఎవురు చెప్పారు సిఫారసు?" అన్నాడట. ఈ మాట నాకు ఆయన చెప్పలేదు, ఆయన కూతురు చెప్పింది, చెబుతూ కళ్ళు తుడుచుకుంది. నాకు ఇంటర్ తరవాత ఇంజినీరింగ్ సీటు వచ్చి, హాస్టల్లో ఉంచేది లేదని ఇంట్లో అంటే బీఎస్సీలో చేరిన రోజు గుర్తొచ్చింది. మా నాన్నను నేను తప్పుపట్టను. ఆయనకు చూపించేవాళ్ళు ఎవరూ లేరు.

తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019 నుంచి యువిక అని వేసవిలో రెండు వారాల కార్యక్రమం నడుపుతోంది. పల్లె బళ్ళలో చదివేవాళ్ళకు ఎంపికలో అదనంగా మార్కులు కలుపుతారు. మా నలుగురూ 2024లో దరఖాస్తు చేసి ఆన్‌లైన్ క్విజ్ రాశారు. ఎంపిక కాలేదు. కానీ క్విజ్ కోసం చదివింది ఎక్కడికీ పోలేదు. అంతకు ముందే, ఆ ఏడాది జనవరి 6న ఆదిత్య భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఎల్1 అనే బిందువు చుట్టూ ఉన్న కక్ష్యలోకి చేరితే, ఎల్1 అంటే ఏమిటో అసెంబ్లీలో చెప్పింది నా చెయ్యి పట్టుకున్న ఆ మాట్లాడని పిల్లే. గొంతు వణికింది, అయినా పూర్తిచేసింది. ఇప్పుడు ఇద్దరు ఎంపీసీలో ఉన్నారు, ఒకతి బైపీసీ తీసుకుంది, ఆటో ఆయన కూతురు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్.

గ్యాలరీకి వెళ్ళాలా అని అడిగితే, తప్పకుండా వెళ్ళండి అనే చెబుతాను. అయిదుకి అయిదు ఇస్తాను. టీవీలో ఎన్ని చూసినా ఆ మోత ఛాతీకి తగలదు. పాసు దొరకకపోతే పులికాట్ రోడ్డు పక్కన నిలబడినా రాకెట్ బాగానే కనిపిస్తుంది, ఆ రోజు ఆటో ఆయన అక్కడి నుంచే చూశాడు. కానీ ఏ ప్రయోగానికి వెళ్తున్నారో దాని ప్రాజెక్ట్ డైరెక్టరు ఎవరో, అందులో ఎవరెవరు పనిచేశారో ముందు రోజే పిల్లలకు చెప్పండి. రాకెట్ కనుమరుగయ్యాక ఆ లైవ్‌ను ఆపకండి. ఫోనులో చార్జింగ్ మిగుల్చుకోండి, తిండి అప్పటిదాకా దాచుకోండి, చెట్టు నీడలోనో ఆటోలోనో కూర్చుని చివరి మనిషి మాట్లాడేదాకా పిల్లలతో కలిసి చూడండి.

2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి 100వ ప్రయోగం. పొద్దున 6 గంటల 23 నిమిషాలకు. ఆరుంబావుకు నాకు ఫోను వచ్చింది. "మేడం, మిద్దె ఎక్కండి, టైమైంది" అన్నాడు ఆటో ఆయన. వెనక కూతురి గొంతు వినిపిస్తోంది, లెక్కపెడుతూ. ఈసారి గ్యాలరీ రిజిస్ట్రేషన్ తెరిచినప్పుడు తన ఆధార్ నంబరు కూడా రాసి పెట్టమని అప్పుడే చెప్పాడు.